పూయని నెలల చెట్టు

మా మామ పోయారని ఆదోని నుంచి మనిషి వచ్చి చెప్పేసరికి నేను ఎమ్మిగనూరులో, పుట్టింట్లో నూలు చుడుతున్నాను. ఏడుపు రాలేదు. రాలేదని దాచడం ఇష్టం లేదు. నాలుగేళ్లు ఆయన నన్ను బాగా ఏడిపించారు.

ఆయన ఆదోనిలో ఒక పత్తి సావుకారు బంగళాకు తోటమాలి. పత్తి బేరాలు చలికాలంలోనే కాబట్టి వర్తకులు వచ్చేదీ అప్పుడే. ఆ నెలల్లో ముందరి తోట కళగా ఉండాలని సావుకారు పట్టు. నీళ్లు మోయడం నా పని. కోడలు మామతో మాట్లాడకూడదు కనుక, పక్కనే ఉన్నా ఆయన నన్ను అత్త చేత తిట్టించేవారు.

"ఆ పిల్లకు సెప్పు, నీళ్లు మాను మీద పోస్తాంది. ఏర్లు యాడుంటాయో ఎమ్మిగనూరోళ్లకు తెల్దా?"

కాపురానికి వచ్చిన మొదటి చలికాలం, గేటు పక్క దేవగన్నేరు ఒక్క ఆకు లేకుండా మోడై కనబడింది. ఎండిందనుకుని పొయ్యిలోకి మొదలంటా విరిచేశాను. చేతుల నిండా పాలు కారాయి. అప్పుడే ఆయన వచ్చారు.

"సచ్చిందానికి పాలు కారతాయా? ఆ కొమ్మల సొగసు సూసేకే ఆడ పెట్టింటి. ఇంగ ఆ సోట్లో ఏం పెట్టల్లనో ఆ పిల్లనే సెప్పమను. సెప్పకుంటే ఎమ్మిగనూరు బస్సెక్కించు."

"అదెక్కితే నీళ్లు నువ్వు మోస్తావా?" అంది అత్త.

అత్త చెవిలో దేవకాంచనం అన్నాను.

"పూసినప్పుడు పెండ్లికూతురే. పూలు రాలినాక? పూసే నెల కాదు, పూయని నెల సూసి సెట్టును ఏరుకోవల్ల," అన్నారు మామ.

ఆకాశమల్లె అంటే, గాలికి విరుగుతుందన్నారు. కానుగ అంటే, అది లేని సందు ఏదన్నారు. ప్రతిసారీ బస్సు మాట. పుట్టింటికి తోలేసిన కోడలిగా బతకడం నాకు చావుతో సమానం. ఆయన్ను తిట్టుకుంటూనే ఊళ్లోని ప్రతి చెట్టునూ చూశాను. ఆకు, కొమ్మ, బెరడు, నీడ పడే తీరు. చెట్టును చూడడం నాకు ఆ కోపమే నేర్పింది.

కట్టెలకు కొండకు వెళ్లినప్పుడు బండల మధ్య తపసి చెట్టు కనబడింది. ఆకు లేదు, పువ్వు లేదు. ఒళ్లంతా తెలుపు. పల్చని పొరలుగా లేచిన బెరడు ఎండ తగిలి గులాబీ రంగు తేలింది.

"దయ్యం సెట్టు," అన్నారు ఆయన, అత్త చెప్పగానే. వానలు పడ్డాక మాత్రం తానే కొండెక్కి మొక్కను తవ్వి తెచ్చి గేటు పక్క నాటారు.

"ఆ పిల్లకు సెప్పు, నీళ్లు తక్కువ పొయ్యమని. కొండలో పుట్టింది."

బస్సు మాట మళ్లీ ఎత్తలేదు. అలాగని బాగుందనీ అనలేదు. మొన్న నాలుగు రోజులుండి వద్దామని నేను పుట్టింటికి బయలుదేరిన రోజు కూడా సంగటి ఉడకలేదని అత్తతో చెప్పారు.

కర్మకాండ అయిన మర్నాడు నీళ్లు పోయడానికి బంగళాకు వెళ్లాను. పొద్దు వాలుతోంది. ఎవరో వర్తకుడు, మనిషెత్తు దాటిన తపసి దగ్గర నిలబడి గోటితో బెరడు ఒలుస్తున్నాడు. పరాయి మగవాళ్లతో ఎన్నడూ మాట్లాడనిదాన్ని, గట్టిగా అరిచాను.

"ఒలుసొద్దప్పా! కండ్లు లేవా? అది దాని సర్మం!"

అతను ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. తెల్లటి పొర ఒకటి, ఊడీ ఊడకుండా, చలిగాలికి అల్లాడుతూ ఉండిపోయింది.