ఎంగిలి కాని చుట్ట

పత్తికి పురుగు పట్టిన ఏడాది. ఒంగోలు నుంచి సింగరాయకొండ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న నడివయసు రైతు జేబులోంచి చుట్ట తీసి చూసుకుని డీలా పడిపోయాడు. తోపులాటలో దాని పై ఆకు చీలింది.

"ఒక్క చుట్టకేనా ఆ మొహం? ఇంకోటి కొనుక్కో" అన్నాను.

"ఇవాళ మా నాయన తద్దినమమ్మా. ఆయన పండించిన ఆకులో ఇదే ఆఖరిది. విస్తట్లో పెడదామని దాచాను. ఉమ్ముతో అంటిద్దామంటే ఎంగిలవుద్ది."

"ఇటియ్యి."

సీసాలో నీళ్ళతో ఆకు తడిపి, మెల్లగా విప్పి, చీలిక కింది వరసలోకి పోయేలా బిగించి చుట్టాను. పొద్దుటి నుంచీ నేనింకా ఎంగిలి పడలేదు. అప్పటిదాకా మూత తీయని క్యారేజీలోంచి ఒక్క మెతుకు తీసి నలిపి, అంచు అంటించాను.

అతను చుట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. చీలిక కనపడలేదు.

"కొత్త ఆకు వెయ్యకుండానే! ఎవరు నేర్పారమ్మా?"

"మా నాయన. ఆయన పోయేదాకా చుట్టలన్నీ నేనే చుట్టేదాన్ని. నేనొక్కదాన్నే సంతానం."

"మరి ఆయనకు తద్దినం ఎవరు పెడతారు?"

"ఎవరూ పెట్టరు."

అతను చుట్టను పదిలంగా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "ఆయన పేరు చెప్పమ్మా. ఇవాళ మా నాయన పక్కనే ఆయనకూ ఓ ముద్ద పెడతాను" అన్నాడు.

పైట సర్దుకుని, ఇంటిపేరుతో సహా చెప్పాను. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకుని, అతను మర్చిపోకుండా ఇంకోసారి గట్టిగా చెప్పాను.