రాజారావు గారి అట్టపెట్టె ఇంజన్లు

రాజారావు గారు ఎవరేమన్నా ముందు ‘కాదు’ అంటారు. తరువాత వింటారు. వర్షం పడుతోందంటే, కాదు వడగళ్ళంటారు. వడగళ్ళంటే, కాదు చినుకులేనంటారు. మా ఇన్వర్‌కార్గిల్ ఊళ్ళో ఒకే పూట రెండూ పడతాయి కనుక ఆయన ఎన్నడూ ఓడిపోలేదు. మొన్నటి వినాయక చవితికి పూజ చేయిస్తున్నాయన “మీది భారద్వాజ గోత్రం కదండీ?” అని అడిగితే, “కాదు” అని, ఒక్క క్షణం ఆలోచించి, “అదే” అన్నారు.

కాకినాడ మనిషి. ఇక్కడ పాలపొడి ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళుగా బాయిలర్లు చూస్తున్నారు. ఆయన గరాజ్‌లో 1992 నాటి ఎర్ర కారు ఒకటుంది. రెండే సీట్లు, పైకప్పు మడిచి వెనక్కి తోసెయ్యవచ్చు. దాని ఇంజన్ మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగి, అరిగి, ఆగిపోయింది. రాజారావు అంకుల్ దాన్ని బయటికి తీసి మూడేళ్ళయింది. లోపల ఖాళీ. అయినా ప్రతి ఆదివారం కారు కడుగుతారు, టైర్లలో గాలి చూస్తారు. కనబడిన ప్రతివాణ్ణీ “దీంట్లో ఏ ఇంజన్ పెడితే బాగుంటుందంటావ్?” అని అడుగుతారు. మూల మీద డెయిరీ కొట్టువాణ్ణి అడిగారు. ఉత్తరాలు తెచ్చే అమ్మాయిని అడిగారు. ఒక పెళ్ళిలో అక్షింతలు వేస్తూ పెళ్ళికొడుకుని అడిగారు.

ఇక నేను. పేరు శశాంక్. ఉత్తరాన రోటోటూనాలో ఉన్న మా అమ్మానాన్నలు నన్ను ఐటీ డిప్లొమా చదవమని ఈ దేశపు దక్షిణపు కొసకు పంపారు. రెండో ఏడాది మానేశాను. ఇప్పుడు టైర్ల షాపులో పని. తెలుగువాళ్ళ భోజనాల్లో ఆంటీలు నన్ను పరిచయం చేసేటప్పుడు “వీడు శశాంక్, వీడు...” అని ఆగి, పులిహోర వైపు తిరుగుతారు. నాకు కావలసింది ఒక్కటే. ఆ ఎర్ర కారులో కొత్త ఇంజన్ నా చేతులతో నేను బిగించాలి. అందుకే ప్రతి శనివారం వాళ్ళ గరాజ్‌లో తేలేవాణ్ణి.

“వీ8 పెడదాం అంకుల్, ఎనిమిది సిలిండర్ల ఇంజన్.”

“కాదు.”

“ఎందుకో ఇంకా చెప్పలేదు నేను.”

“చెప్పు. అప్పుడు కూడా కాదే.”

“బ్రహ్మాండమైన పవర్ వస్తుంది. ఈ ఖాళీలో పడుతుంది కూడా.”

“కాదు. పడుతుందని నువ్వనుకుంటున్నావు. చూపించవోయ్.”

చూపించడానికి నా దగ్గర వీ8 ఎక్కడిది? ఇండియన్ షాపు వెనక పడేసిన అరటిపళ్ళ అట్టపెట్టెలున్నాయి. ఇంటర్నెట్‌లో కొలతలు పట్టి, టేపు వేసి, అచ్చం అసలు సైజులో అట్ట ఇంజన్ చేసి తెచ్చాను. కారులో దించాం. బానెట్ మూత పడలేదు.

“చూశావా?” అన్నారు అంకుల్. ఆయన ముఖంలో ఉన్నది మాత్రం పండగే.

అంకుల్ భార్య శకుంతల ఆంటీ వచ్చి చూసి, “గట్టిగానే ఉందిరా” అని ఆ వీ8ని లోపలికి తీసుకెళ్ళి ఉల్లిపాయలు పోసుకున్నారు. మరుసటి నెల వీ6 తెచ్చాను. పొగగొట్టం స్టీరింగ్‌కి అడ్డొచ్చింది. అందులో బంగాళాదుంపలు పడ్డాయి. రోటరీ ఇంజన్ చిన్నది కనుక వెల్లుల్లికి సరిపోయింది. ఎనిమిది నెలల్లో ఆంటీ వంటింట్లో ఉన్నన్ని ఇంజన్లు ఈ ఊరి పాత కార్ల యార్డులో కూడా లేవు.

అప్పుడు దిగాడు మహిధర్. జాన్సన్‌విల్ నుంచి ఈ ఊరికి వచ్చాడు. మాస్టర్స్, సాఫ్ట్‌వేర్, ఇస్త్రీ చొక్కా, కొత్త ఎలక్ట్రిక్ కారు. ఆంటీలు వాణ్ణి పరిచయం చేసేటప్పుడు పులిహోర సంగతే మరిచిపోతారు. మొదటి రోజే గరాజ్‌లో నిలబడి, “అంకుల్, ఇందులో ఎలక్ట్రిక్ మోటార్ పెట్టేద్దాం” అన్నాడు.

నేను రెంచి ఆపి, ఆ ‘కాదు’ కోసం ఆశగా ఎదురు చూశాను.

“అవునవును. భేషుగ్గా ఉంటుంది” అన్నారు అంకుల్.

రెంచి నా కాలిమీద పడింది.

“బ్యాటరీలు ఎక్కడ పెడతావో అడగండి అంకుల్.”

“వెనకాల ఎక్కడో పట్టేస్తాయిలే బ్రో” అన్నాడు మహిధర్.

“అవును, ఎక్కడో ఒకచోట పడతాయి” అన్నారు అంకుల్.

ఎక్కడో ఒకచోటట. నన్నేమో మిల్లీమీటర్లు అడిగిన మనిషి. వాడు ఒక్క అట్టముక్క తేలేదు. పైగా ఆంటీ వాడికి జంతికలు రెండోసారి వడ్డించారు. ఆ రోజు వెళ్ళిపోతూ వాడి కారు టైర్లు నాలుగూ చూశాను, ఒక్కదానిలోనైనా గాలి తగ్గి ఉంటుందేమోనని. నాలుగూ సరిగ్గా ఉన్నాయి. దానికీ ఏడుపొచ్చింది.

పంతం పట్టాను. యాక్సిడెంట్ అయిన ఒక సెడాన్‌లోని రెండున్నర లీటర్ల ఇంజన్‌కి అట్ట నమూనా చేసి తెచ్చాను.

“కాదు. అడుగున ఆయిల్ తొట్టి అడ్డదూలానికి తగుల్తుంది.”

తొట్టిని కోసి, మళ్ళీ అతికించి తెచ్చాను.

“కాదు. బరువు?”

లెక్క రాసిచ్చాను.

“కాదు. ఇంత పవర్‌ని ఆ బ్రేకులు ఆపగలవా? మళ్ళీ చెయ్యి.”

నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి ఆయన లెక్కంతా పైనుంచి కిందిదాకా చదివారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. జంతికల నూనె తుడుచుకోవడానికి అనుకున్నాను.

ఒక శుక్రవారం మెసేజ్ వచ్చింది. “రేపు పదింటికి సర్టిఫయర్ వస్తున్నాడు. మహిధర్‌ని కూడా రమ్మన్నాను. శుభ్రమైన చొక్కా వేసుకుని రా.” ఇక్కడ కారులో వేరే ఇంజన్ పెట్టి రోడ్డెక్కాలంటే దాన్ని తనిఖీ చేసే సర్టిఫయర్ ఒప్పుకోవాలి. నాకు అంతా అర్థమైపోయింది. పని మహిధర్‌ది. శుభ్రమైన చొక్కా టీ అందించడానికి.

పొద్దున్నే వెళ్ళి వంటింట్లో ఆంటీ దగ్గర కక్కేశాను. “ఇదే ఆఖరు ఆంటీ. ఇక రాను. నాతో అన్నీ కాదు, వాడితో అన్నీ అవును.”

ఆంటీ వీ8లోంచి ఉల్లిపాయ తీస్తూ నవ్వారు. “ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నాతో ఒక్కసారి అవునన్నార్రా. అప్పుడాయనకి నూట మూడు జ్వరం. మా ఆడపడుచు మొగుడితో మాత్రం ఎప్పుడూ అవునవునే. ఆయన గుమ్మం దాటాక పేరేవిటే అని నన్నడుగుతారు.”

ఓదార్పు మాటలనుకున్నాను.

సర్టిఫయర్ వచ్చాడు. తెల్లగడ్డం, నిక్కరు, చలి లెక్కలేదు. మహిధర్ లాప్‌టాప్ తెరిచాడు. అంకుల్ నోరు మూసుకుని గోడకు ఆనుకున్నారు. ఆ దృశ్యం నేనెన్నడూ చూడలేదు.

“ఆయిల్ తొట్టి ఎక్కడ తగులుతుంది?” అని గడ్డమాయన కారునే అడిగాడు. సమాధానం నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. “బరువు?” చెప్పాను. “బ్రేకులు?” చెప్పాను. “ఆ లెక్క ఎవరిది?” “నాదే.” అడిగిన ప్రతి ప్రశ్నా పాతదే. అన్నీ ఆ గరాజ్‌లో ‘కాదు’ వెనకాల విన్నవే.

అంకుల్ ఒక ఫైలు తెచ్చి ఆయన చేతికిచ్చారు. లోపల నా కాగితాలన్నీ తేదీల వారీగా ఉన్నాయి. ఉల్లిపాయల వీ8 బొమ్మ కూడా ఉంది. అన్నిటికంటే పైన దరఖాస్తు. ‘ఇంజన్ అమర్చేవారు’ అన్నచోట బాయిలర్ల మీద నంబర్లు రాసే పెద్ద అక్షరాలతో నా పేరు.

“నా మోటార్ సంగతి అంకుల్?” అన్నాడు మహిధర్.

“అవునవును, తప్పకుండా చూద్దాం” అన్నారు ఆయన, వాడి వైపు చూడకుండానే.

నాకు ఆంటీ ఆడపడుచు మొగుడు గుర్తొచ్చాడు.

ఆ శీతాకాలమంతా వేళ్ళు కొంకర్లు పోతుండగా ఇంజన్ బిగించాను. మొదటిసారి తాళం తిప్పిన రోజు గరాజ్ కిటికీలు వణికాయి. అది ఆపి, నేను తెలివిగా ఒక మాట వదిలాను. “అంకుల్, ఇదంతా మీరు నా కోసమేం చెయ్యలేదు కదా.”

అలవాటుగా నోరు తెరిచారు. కాదంటే నా కోసమే చేశారని దొరికిపోతారు. అవునందామంటే నాలుక తిరగదు. నా కప్పు నా వైపు జరిపి, “టీ చల్లారిపోయింది, తాగు” అన్నారు.

“కాదు, వేడిగానే ఉంది” అన్నాను.

కథ అక్కడ సుఖంగా ముగియాలి. కానీ మరుసటి శనివారం మహిధర్ వచ్చాడు. ఇస్త్రీ లేని చొక్కా. ఉద్యోగం మీద విసుగు పుట్టిందట. పాత కారొకటి కొన్నాడట, దానికీ ఇంజన్ లేదట.

“దీంట్లో మోటారే పెడతాను అంకుల్. బ్యాటరీలు వెనకాల పట్టేస్తాయి.”

అంకుల్ వాణ్ణి ఎగాదిగా చూశారు.

“కాదు” అన్నారు. “చూపించవోయ్.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అరటిపళ్ళ పెట్టెలు ఎక్కడ దొరుకుతాయో వాడికి నేను ఇంతవరకూ చెప్పలేదు.