ఐదు లక్షలకు ఒక ఎక్స్

బేకరీలో ఇరవై ఆరేళ్లు పిండి కలిపిన చేతులు ఆమెవి. ముద్దను చేత్తో ఎత్తి చూసి బరువు చెప్పేసేది కాబట్టి అందరికీ ఆమె ‘తూకమక్క’. మానేసిన రోజున యజమాని ఐదు లక్షల చెక్కు చేతిలో పెట్టాడు. ఆమెకు కావలసింది ఒక్కటే: ఇంటద్దె నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు, వడ్డీ మీదే గడిచిపోవాలి.

మరిది ఆ వారమే వచ్చాడు.

“వదినా, ఓ ఫైనాన్స్ కంపెనీ ఉంది, మొత్తం అందులో పెట్టేయండి. తొమ్మిది శాతం! నేను నాదంతా అందులోనే పెట్టాను.”

“బ్యాంకులో?”

“ఆరే. అద్దెకు కూడా చాలదు.”

“చాలకపోతే ఎంత తక్కువవుతుందో చూడాలి కదయ్యా!”

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి. అయినా పాతపుస్తకాల కొట్టుకు వెళ్లి ఆ తరగతి లెక్కల పుస్తకం కొనుక్కుంది. నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టింది. ఎక్స్ అంటే ఏదో బ్రహ్మపదార్థం కాదనీ, ఇంకా తెలియని సొమ్ముకు పెట్టుకున్న ముద్దుపేరనీ అర్థమైంది. ఐదో రోజు కాగితం తీసింది. వడ్డీ ఎక్కువిచ్చే చోట ప్రమాదమూ ఎక్కువే కనుక, కంపెనీలో అవసరమైనంతే పెట్టాలి; అది ఎక్స్. బ్యాంకులో పెట్టేది, ఐదు లక్షల్లోంచి ఎక్స్ పోగా మిగిలింది. ఎక్స్ మీద తొమ్మిది శాతం, మిగిలినదాని మీద ఆరు శాతం కలిపితే ముప్పై ఆరు వేలు కావాలి.

అంతా బ్యాంకులోనే ఉంటే వచ్చేది ముప్పై వేలు. లోటు ఆరు వేలు. కంపెనీకి మార్చిన ప్రతి వందకూ మూడు రూపాయలు అదనం. అంటే ఎక్స్ రెండు లక్షలు. మళ్లీ సరిచూసుకుంది: అక్కడ పద్దెనిమిది వేలు, ఇక్కడ పద్దెనిమిది వేలు.

“రెండు లక్షలకు మించి ఒక్క రూపాయి కూడా అక్కడికి పోదు,” అంది.

“మీకు మరీ భయం వదినా!”

“భయం కాదు, లెక్క.”

రెండో ఏడాది ఆ కంపెనీ ఆరు నెలలు వడ్డీ ఆపేసింది. బ్యాంకు ఏడాదికోసారి ఇచ్చే వడ్డీ పద్దెనిమిది వేలతో తూకమక్క ఆ ఆరు నెలల అద్దె తేదీ తప్పకుండా కట్టింది. మరిది మాత్రం తల పట్టుకున్నాడు. చివరికి కంపెనీ వడ్డీ బాకీతో పాటు అసలు కూడా తిరిగిచ్చిన మర్నాడు, ఆ చెక్కు పట్టుకుని వచ్చాడు.

“వదినా, నాక్కూడా ఆ లెక్కేదో చేసిపెట్టండి.”

“నేను చెయ్యను. కూర్చో, నువ్వే చెయ్యి. ముందు చెప్పు, ఏడాదికి నీకెంత కావాలి?”

మొదటిసారి కూడికలో తప్పాడు. ఆమె పెన్సిల్ చెక్కి మళ్లీ చేతికిచ్చింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. మరిది ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తిన్నగా బ్యాంకుకు నడిచాడు.