డిచ్‌పల్లి గుట్ట మీది ఏనుగు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఏ కబురైనా మొదట మోసుకొచ్చేది పక్కింటి అక్క. బోధన్ దగ్గర కాలువ కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊరు, క్యాంపు అనేవాళ్లం, ఒకటి ఉండేది. మా బాపు వాళ్ల చెరుకు తోటల్లో పని చేసేవాడు కాబట్టి మా ఇల్లు కూడా ఆ క్యాంపు అంచునే. అక్క ఆ రైతుల్లో ఒకరి ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. చెరుకు కొట్టడం అయిపోయి ట్రాక్టర్లు ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం గోడ మీదుగా తల పెట్టి మా నాయనమ్మతో, “అవ్వా, రేపు మేం డిచ్‌పల్లి గుట్టకి వెళ్తున్నాం. అక్కడ ఎప్పటిదో నల్లరాతి గుడి ఉందంట. పాపని కూడా తీసుకెళ్తాను, పంపండి” అంది.

ఆ పాప నేనే. ఊహ తెలియక ముందే పోలియో వచ్చి నా కుడికాలు సన్నబడింది. మోకాలి మీద చెయ్యి అదిమి పెట్టి, ఒంగి నడిచేదాన్ని. బడి దూరం. అందుకని మా అవ్వే నాకు బడి. ఆమె దగ్గర పెద్ద అక్షరాల బైబిలు ఉండేది. రోజూ దీపాలు పెట్టే వేళకు వాకిట్లో కూర్చుని గట్టిగా చదివేది. ఎక్కడో ఒకచోట కావాలనే ఒక తప్పు మాట కలిపేది. నోవహు ఓడలోకి ఎడ్లబండి ఎక్కించాడనేది, దావీదు చెరుకుగడతో గొల్యాతును కొట్టాడనేది. నేను పట్టుకోవాలి. పట్టుకుంటే బెల్లం ముక్క. అట్లా అక్షరాలు వచ్చాయి, వాటితోపాటు అందరి మాటల్లోనూ తప్పులు పట్టే అలవాటూ వచ్చింది. “ఇంట్ల ఒక జడ్జి తయారైంది, జర పైలంగ మాట్లాడాలె” అని బాపు నవ్వేవాడు.

అక్క పిలిస్తే నేను మాత్రం పోనన్నాను. ఏమున్నది అక్కడ, రాళ్లే గదా అన్నాను. నిజానికి నా భయం రాళ్ల గురించి కాదు, మెట్ల గురించి. అందరూ పైకి పోతే నేను కింద చెప్పులకు కావలి కూర్చోవాలి. ఆ కూర్చోవడమేదో మా గడపలోనే కూర్చుంటే నయం. అప్పటికి నేను మా సందు దాటి ఎరుగను. అవ్వకు దిగులంతా అదే. తనకు చూపు తగ్గుతోంది, వయసు మీద పడుతోంది. తను పోయాక ఈ పిల్ల గడపలోనే ఉండిపోతుందేమో అని. ఆ సాయంత్రం ప్రార్థనలో నేను వింటుండగానే దేవునితో అనేసింది: “తండ్రీ, దీనికి కాలు సక్కగ చెయ్యమని అడుగుతలేను, గడప దాటే ధైర్యం ఇయ్యి.”

బాపుకు ఇంకో సందేహం. మనం చర్చికి పోయేటోళ్లం, గుడికి పోతే నలుగురేమంటారో అని. అవ్వ ఒక్క మాటతో తీర్చేసింది. “ఎవలింటికి పోయినా చెప్పులు ఇడిసి, నెమ్మదిగ సూసి రావాలె. అండ్ల తప్పేమున్నది?”

తెల్లారి అవ్వ తనూ వస్తానని బయల్దేరితే నేను కాదనలేకపోయాను. ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి, దుప్పటి వేసి, నన్నూ అవ్వనూ ఎక్కించారు. నిజామాబాద్‌లో మార్కెట్ యార్డు పక్క నుంచి పోతుంటే పసుపు వాసన ముక్కుకు కొట్టింది. నాకు అదంతా వేరే దేశంలాగే ఉంది.

గుట్ట కింద దిగి చూస్తే మెట్లు. నేను అనుకున్నవాటికన్నా ఎక్కువే. మొదటి మెట్టు మీద కూర్చుని, “నేను గిక్కడ్నే ఉంట” అన్నాను. ఎవరూ బతిమాలలేదు. అక్క చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గబగబా ఎక్కిపోయింది. అవ్వ నా పక్కనే చతికిలబడింది. కాసేపటికి పైనుంచి అక్క కేక.

“పాపా! ఇక్కడ గోడ మీద ఏనుగుందే! దానికి అయిదు కాళ్లు!”

“అయిదు కాళ్లు ఏడుంటయ్ అక్కా, తప్పు!” నేను కిందినుంచి అరిచాను.

“నాకు కళ్లు లేవా? అయిదే! కింద కూర్చుని నువ్వెలా చెబుతావు?”

“నాల్గే ఉంటయ్!”

“అయితే నేనే గెలిచాను. ఇంటికెళ్లి మీ బాపుకి చెబుతా, మీ జడ్జి ఓడిపోయిందని!”

నాకు ఒళ్లు మండింది. అవ్వ వైపు చూశాను. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంటూ, “నాకేమెరుక బిడ్డా, నేను సూడలే. నువ్వు సూసినవా?” అంది.

లేచాను. మోకాలి మీద చెయ్యి పెట్టి ఒక మెట్టు, ఊపిరి తీసుకుని ఇంకొకటి. చెయ్యి నొప్పెడితే కూర్చున్నాను. కూర్చున్నప్పుడల్లా పైనుంచి అక్క, “ఏమ్మా, ఒప్పేసుకున్నావా?” అని ఉడికించేది. అవ్వ నా వెనకే వచ్చింది గానీ ఒక్కసారి కూడా చెయ్యి పట్టుకోలేదు. సగం దాటాక కిందికి చూస్తే మా ట్రాలీ అగ్గిపెట్టెలా కనిపించింది. అప్పుడు తెలిసింది నాకు, ఎంత ఎక్కానో.

పైకి చేరి, చెమట కారుతుండగానే ఏనుగు దగ్గరికి పోయి వేలు పెట్టి లెక్కపెట్టాను. నాలుగు కాళ్లు. అయిదోది తొండం. నేల దాకా నిటారుగా దించిన తొండం, కాలంత లావున, ముందరి కాలి పక్కనే. “ఇది తొండం!” అని గెలిచినట్టు అరిచాను. అక్క నన్ను భుజాలు పట్టుకుని తను నిలబడ్డ చోట నిలబెట్టింది. అక్కడినుంచి చూస్తే నిజంగా అయిదు కాళ్లే. ఇద్దరం నవ్వాం. వెనక నుంచి అవ్వ నవ్వూ వినబడింది. చెక్కినవాడు ఎవరోగానీ, మాలాంటి వాళ్ల కోసమే చేసి పెట్టి ఉంటాడు. పొలాలు, దూరంగా పోతున్న రైలు, ఆకాశం అన్నీ ఒకేసారి కనిపించే చోట గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను.

తిరిగి వస్తుంటే ట్రాలీలో అక్క చెప్పింది. పుట్టింటి మీద బెంగతో రోజూ సాయంత్రం గోడ అవతల కూర్చుని అవ్వ పాఠం వినేదట. నాతోపాటే లోలోపల తప్పులు పట్టేదట. “గొల్యాతు దగ్గర నువ్వు నాకన్నా ముందు పట్టేశావు” అంది.

ఆ తర్వాత నేను నిజామాబాద్‌లోని ఇందూరు ఖిల్లా ఎక్కాను. కందకుర్తిలో నదులు కలిసేచోట నీళ్లలో కాళ్లు పెట్టాను. నిజాంసాగర్ కట్ట మీద నడిచాను. అన్నీ మోకాలి మీద చెయ్యి పెట్టుకునే. ప్రభువు దయ వల్ల ఇంత పాత దేశంలో పుట్టాను, అందులో కొంతైనా నా కళ్లతో చూశాను. ఇప్పటికీ ఏదైనా చోటు గురించి ‘ఏమున్నది అక్కడ’ అనే మాట నోటిదాకా వస్తే మింగేస్తాను. పోయి చూడనిదాని మీద తీర్పు చెప్పను. మనుషుల విషయంలోనూ అంతే.

అక్క ఇప్పుడు లేదు. ఆమె దేవుడు వేరు, నా దేవుడు వేరు అని లోకం అంటుంది. నేను మాత్రం ప్రతి ఉదయం ఆమె పేరు చెప్పి కృతజ్ఞత చెల్లిస్తాను. మీరు ఎప్పుడైనా, ఏ పాత కోటకైనా గుడికైనా మెట్లెక్కుతూ ఆయాసంతో ఆగినప్పుడు, ఒక పిల్ల పైకి వచ్చేదాకా ఎండలో నిలబడి ఉడికించిన ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి.