సాక్ష్యం చెప్పి అద్దె పెంచుకున్న వైనం

జంటనగరాల్లో ఓనర్లు అద్దె పెంచడం మామూలే. కానీ ఓనరు అడిగినదానికంటే ఎక్కువ పెంచుకున్న అద్దెదారుడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. అదీ చాటుమాటుగా కాదు. పాస్టరుగారి ఎదుట, పాతికమంది విశ్వాసుల ఎదుట నిలబడి, గొంతెత్తి, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ పెంచుకున్నాను. ఎలాగో చెబుతాను వినండి. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఇంట్లో ఎవరూ ఆపుకోరు.

మేం సీతాఫల్‌మండిలో ఒక మేడ మీద రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. రెండు గదులంటే నిజంగా రెండు గదులనుకునేరు! ఒకటి గది, రెండోది గదేమోనన్న అనుమానం. ఫ్రిజ్ తలుపు తీస్తే బాత్‌రూమ్ తలుపు తెరుచుకోదు. ఎవరైనా స్నానానికి వెళ్ళారంటే వాళ్ళు వచ్చేదాకా పెరుగు లేదు. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, అదీ వాటికి బుద్ధి పుట్టినప్పుడు. మాది కాకినాడ. నేను చిలకలగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారిని. నా భార్య సునీత ఇంట్లోనే ట్యూషన్లు చెప్పేది. మా అమ్మాయి కెజియా అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది. దాని స్కూలు ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరం.

ఓనరు మల్లేశంగారు కింద ఉండేవారు. ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"సార్, జెర ఆగుండ్రి. వచ్చే నెల సంది మూడు వేలు ఎక్కువియ్యాలె."

"మూడు వేలే! ఎందుకండీ?"

"అన్నీ పెరిగినయ్ కద సార్."

"అవన్నీ నాకూ పెరిగాయి కదండీ!"

"గదే కద నేననేది. మీకు పెరిగినయంటే నాకు సుత పెరుగుతయ్ కద!"

ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. ఆయనకు ధరలు పెరిగితే నా దగ్గర వసూలు చేసుకుంటాడు. మరి నేనెవరి దగ్గర వసూలు చేసుకోవాలి? పిల్లలకు ఛందస్సు కిలో ఇంతని తూచి అమ్మాలా? బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటా ధర ఎక్కితే మా గోడకు సున్నం పడిందా, కుళాయికి కొత్త వాషరు పడిందా? మెట్రో వచ్చింది కాబట్టి అద్దెలు పెరిగాయంటారు. మెట్రో రైలు ఏమైనా మా వంటింట్లో ఆగుతుందా? ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎన్నడూ అద్దెకుండి చూసినట్టు లేదు.

ఆ వారమంతా టులెట్ బోర్డులు చదువుతూ తిరిగాం. మా జీతానికి దొరికే ఇల్లు ఊరు దాటాక, రెండు బస్సులు మారాక ఉంది. అంటే కెజియా పదో తరగతిలో స్కూలు మారాలి, లేదా రోజుకు మూడు గంటలు బస్సులో వేలాడాలి. పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

"ఏవండీ, కిందకెళ్ళి ఉన్నమాట చెప్పండి. పిల్లది పదో తరగతి, ఈ ఒక్క ఏడాదీ ఆగమనండి. ఆయనేమీ రాక్షసుడు కాదు" అంది సునీత.

"నేను వెళ్ళి అడుక్కోవాలా? ఇల్లు అద్దెకు తీసుకున్నాం గానీ ఆత్మాభిమానం అద్దెకిచ్చామా?"

"అయితే ఏం చేస్తారు?"

"మనింట్లో ప్రార్థన కూడిక పెడతాను. ఆయన్నీ పిలుస్తాను. దేవుని సన్నిధిలో మన కష్టం వింటే ఆయనే కరిగిపోతాడు."

సునీత నన్నొకసారి చూసి, బిర్యానీకి బియ్యం ఎంత కావాలో లెక్కేసుకోవడానికి వెళ్ళిపోయింది. పదహారేళ్ళ కాపురంలో ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. తెలిసి కూడా ఆగలేదు, అదీ నా గొప్ప.

ముందుగా పాస్టరుగారిని కలిశాను.

"అద్దెకున్నవాళ్ళను పీడించకూడదని అర్థం వచ్చే వాక్యం ఏదైనా చెబుతారా అండీ?"

"అద్దె మీద నేరుగా ఏమీ లేదు బ్రదర్. కృతజ్ఞత మీదైతే బోలెడున్నాయి."

"సరే, ఓనరు మనసు కరిగేటట్టు ఏదో ఒకటి చెప్పండి."

మా వాళ్ళ కుటుంబ ప్రార్థన కూడిక ఎరగనివారికి ఒక మాట. ముందు పాటలు, తర్వాత సాక్ష్యాలు, ఆపైన వాక్యం, చివర భోజనం. సాక్ష్యమంటే దేవుడు నాకీ మేలు చేశాడని లేచి చెప్పడం. దానికో పద్ధతి ఉంది. కష్టం మొదట్లో రావాలి, మేలు చివర్లో రావాలి. కష్టంతో ముగిసిన సాక్ష్యాన్ని మా సంఘంలో ఇంతవరకు ఎవరూ వినలేదు. ఈ ముక్క నాకు ముందే తట్టి ఉంటే ఈ కథే లేదు.

శనివారం సాయంత్రం ఇల్లు నిండిపోయింది. మల్లేశంగారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి వెనక కుర్చీలో చేతులు కట్టుకుని భక్తిగా కూర్చున్నారు. మొదట మా సంఘ పెద్ద రాజరత్నంగారు లేచి, తమ పెద్దబ్బాయి లిఫ్టున్న ఫ్లాటు కొన్న సంగతి చెప్పారు. హల్లెలూయలు మారుమోగాయి. నాకు లోపల ఎక్కడో చురుక్కుమంది. లిఫ్టుకే ఇంత హల్లెలూయా?

నేను లేచాను. "ప్రియులారా! నాలుగేళ్ళ కిందట కాకినాడ నుంచి చేతిలో ఏమీ లేకుండా ఈ ఊరికి వచ్చాం" అన్నాను. ఇక్కడే ఆగి అద్దె సంగతి ఎత్తాలి. కానీ అందరూ నా మొహంలోకి చూస్తున్నారు, మేలు ఎప్పుడొస్తుందా అని. నోరు దానంతటదే తిరిగింది.

"అలాంటి మాకు దేవుడు ఈ ఇల్లిచ్చాడు!"

"హల్లెలూయ!"

"ఊరంతా నీళ్ళకు అల్లాడుతుంటే ఈ ఇంట్లో ఒక్కనాడూ కుళాయి ఎండలేదు!"

"హల్లెలూయ!"

"స్కూలు దగ్గర, చర్చి దగ్గర, స్టేషను దగ్గర! ఈ గాలి, ఈ వెలుతురు, ఎక్కడ దొరుకుతాయి?"

సునీత వెనకనుంచి చొక్కా లాగింది. తెలుగు మాస్టారు వాక్యం మధ్యలో ఉండగా చొక్కా లాగితే ఆగుతాడా?

"ఈ ఏడు నాకు ఇంక్రిమెంటు కూడా దయచేశాడు! ఎంత ఖర్చయినా సరే, ఈ ఇంటిని విడిచిపెట్టేది లేదు!"

అందరికంటే గట్టిగా హల్లెలూయ అన్నది మల్లేశంగారు. ఆ ఇంక్రిమెంటు ఎనిమిది వందలండీ. ఆ ఒక్క ముక్కా చెప్పలేదు నేను.

భోజనాల దగ్గర రాజరత్నంగారు ఓనరు పక్కనే చేరారు. "అయ్యా, మా అమ్మాయి ఇల్లు వెతుకుతోంది. ఇది ఖాళీ అయితే చెప్పండి. నాలుగు వేలు ఎక్కువైనా పర్వాలేదు."

మల్లేశంగారు ప్లేటు కడిగి నా దగ్గరికి వచ్చారు.

"సార్, గీ ఇల్లు గింత మంచిదని నాకే తెల్వకపాయె. నేను మూడు వేలే అడిగిన. మీ పెద్దమనిషి నాలుగంటుండు."

"అయ్యో, అదేదో ఆవేశంలో చెప్పానండీ..."

"దేవుని ముంగట చెప్పిండ్రు కద. నిజమా, అబద్ధమా?"

పక్కనే పాస్టరుగారు చేతిలో బిర్యానీ ప్యాకెట్‌తో నిలబడి ఉన్నారు. పాతికమంది నమలడం ఆపారు.

"నిజమే" అన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మరీ మంచిదై నాలుగు వేలకు తెచ్చింది. ఆ రాత్రి కెజియా పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, నిజంగా.

తెల్లారాక సునీత నాతో ఒక్క మాటైనా చెప్పకుండా కిందకెళ్ళింది. పిల్ల చదువు, నా అసలు జీతం, ఆ ఎనిమిది వందలు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. పది నిమిషాల్లో తిరిగొచ్చింది.

"ఏమన్నాడు?"

"'గీ ముచ్చట సార్ ముందుగాల్నే చెప్తే అసలు పెంచకపోతుంటి కదమ్మా, బిడ్డ చదువు కరాబ్ చేస్తనా' అన్నాడు."

"హమ్మయ్య! అయితే పెంచడన్నమాట!"

"పెంచుతాడు. వెయ్యి. 'సార్ దేవుని ముంగట గంత మంచిగ చెప్పిండు, గా మాట కోసమన్న ఒక వెయ్యి ఇయ్యమను' అన్నాడు."

కెజియా పది పాసయ్యేదాకా నెలనెలా ఆ వెయ్యీ కట్టాను. ఉంటున్న ఇల్లు బాగుందని మనిషి పైకి అనడానికి కూడా జరిమానా కట్టాల్సిన రోజులొచ్చాయండీ, ఎవరికి చెప్పుకోవాలి? అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సొంత ఇల్లంటూ కొనేదాకా, అంటే బహుశా పరలోకం చేరేదాకా, దేవుడికి నా కృతజ్ఞతలు మనసులోనే చెప్పుకుంటాను. ఆయనకెలాగూ వినిపిస్తుంది, ఓనరుకు వినిపించదు.