మా క్యూబా మామ్మ

మామ్మ పోయిందని నాన్న ఫోన్ చేసేసరికి నేను రంగూన్ శివారు మింగళాడోన్‌లో, ఎయిర్‌పోర్టు దగ్గరి మా ఆఫీసులో ఉన్నాను. "అన్నం తిని పడుకుంది, మరి లెగలేదమ్మా. బేగి రా" అన్నాడు. మా ఇల్లున్న బోటాటౌంగ్‌కి బస్సెక్కి కూర్చున్నాక ఏడుపు వచ్చింది. కానీ దానికంటే ముందు గర్వం వచ్చింది. ఆ మనిషికి నేను మనవరాలిని కదా అని.

మామ్మ మా నాన్నకి తల్లి. పుట్టింది క్యూబాలో, హవానా రేవు పక్కన. మా తాత సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఒకసారి మరమ్మతు కోసం ఓడ హవానాలో ఆగినప్పుడు ఆయనకి జ్వరం పట్టుకుంది. రేవు దగ్గర పూటకూళ్ళు నడిపే ఒకావిడ తన కూతురి చేత రోజూ ఆసుపత్రికి చారు పంపేది. ఆ కూతురే మా మామ్మ. ఇద్దరి మధ్యా ఉన్న భాషల్లా ముక్కలు ముక్కలు ఇంగ్లీషు.

"ఏం చూసి ఇంత దూరం వచ్చేశావు మామ్మా?" అని అడిగితే, "మీ తాత జొరంలో కూడా నవ్వీవోడే. అది సూసి ఒచ్చీసినాను" అనేది.

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రంగూన్ రేవులో బస్తాలు మోసిన కుటుంబం. ఓడ దిగిన కోడలిని చూసి తాత వాళ్ళమ్మ చాలా రోజులు మాట్లాడలేదట. తర్వాత ఒక పొద్దున వంటింట్లోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. మామ్మకి ముందుగా వచ్చిన తెలుగు మాటలు మూడు: ఉప్పు, సింతపండు, ఊరుకో. మూడోది అంత తొందరగా ఎలా వచ్చిందంటే, అత్తగారి నోట ఎక్కువగా వినబడింది అదేనట. మామ్మకి ఒత్తులు పలికేవి కావు. మా వాళ్ళెవరూ ఎలాగూ ఒత్తులు పలకరు కనక ఆ లోపం ఎవరికీ తెలియలేదు.

తన ఊళ్ళో నల్ల చిక్కుడు గింజలతో వండే అన్నాన్ని మామ్మ ఇక్కడ పొట్టు మినుములతో వండేది. అత్తగారు మొదట ముట్టుకోలేదు. కొన్నాళ్ళకి "ఆ నల్లన్నం ఒండవేటే?" అని ఆవిడే అడగడం మొదలుపెట్టింది.

తర్వాత చెడ్డరోజులొచ్చాయి. మిలటరీ రాజ్యం వచ్చి, దుకాణాలు సర్కారువైపోయి, పనులు పోయి, మన వాళ్ళు కుటుంబాలకి కుటుంబాలే ఓడలెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయారు. అప్పుడు తాత ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు. కబురు లేదు. అత్తగారికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. తాత అన్నదమ్ములు ప్రయాణం కట్టి మామ్మతో అన్నారట: "అమ్మ ఓడలో బతకదు. ఈడ ఆసుపత్రిలో పెడతాం. గుంటణ్ణి మాతో తీసికెల్తాం. నువ్వు మీ దేశం ఎల్లిపో."

గుంటడంటే మా నాన్న. అప్పటికి నడక కూడా సరిగ్గా రాలేదు.

మామ్మ నాన్నని చంకనేసుకుని, మంచం మీదున్న అత్తగారి తల దగ్గర కూర్చుని, అప్పటిదాకా వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని ఒకటే అడిగింది.

"నానెల్తే అత్తకి జడెవులేత్తారు?"

నాన్నని మామ్మ చంకనే వదిలేసి వాళ్ళు ఓడెక్కారు. మామ్మ ఉండిపోయింది. పొద్దున్నే అత్తగారికి ఒళ్ళు తుడిచి, జడ వేసి, నాన్నని వీపున కట్టుకుని రేవు కూలీలకి అరటిపండు వేపుడు, నల్లన్నం అమ్మేది. తాత తిరిగొచ్చేసరికి వీధంతా ఖాళీ. తన ఇంట్లో మాత్రం పొయ్యి వెలుగుతోంది. తల్లి దిండుకి ఆనుకుని కూర్చుని కోడలిని తిడుతోంది. ఆయన గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడట. మళ్ళీ ఓడెక్కలేదు, రేవులోనే పని చూసుకున్నాడు. అత్తగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది.

నేనెరిగిన మామ్మ దేవుడితో స్పానిష్‌లో మాట్లాడేది, బజారులో బర్మా భాషలో బేరమాడేది, మమ్మల్ని తెలుగులో తిట్టేది. వీధిలో అందరికీ ఆవిడ "క్యూబా అఫ్వా". అఫ్వా అంటే బర్మా వాళ్ళకి మామ్మే. మేం పిల్లలం బర్మా మాటలు కలిపేస్తే వంటింట్లోంచి గెంటేసేది. ఒకసారి ఉక్రోషంతో అడిగాను: "నువ్వు తెలుగుదానివే కాదు, నీకెందుకంత పట్టుదల?"

"మీకు ఊరికే ఒచ్చింది, అందికే ఇలువ తెల్దు. నాను కట్టపడి నేర్సుకున్నాను. కట్టపడి కొనుక్కున్న సీరని ఎవులైనా పారేత్తారేటి?"

ఈ నాలుగు ముక్కలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే.

మామ్మ మళ్ళీ క్యూబా వెళ్ళలేదు. వీలు పడలేదు. ఈమధ్య నేను ఫోన్‌లో హవానా సముద్రపు ఒడ్డు, దాని పొడవునా ఉన్న రాతి గోడ చూపించాను. కళ్ళజోడు సర్దుకుని "గోడ అలాగే ఉన్నాది" అంది. "దానెనకాల మా ఈది సూపించు." ఎంత వెతికినా దొరకలేదు. కాసేపు వేలితో ఆ నీళ్ళని నిమిరి, ఫోన్ నా చేతిలో పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

అత్తగారిని దహనం చేసినట్టే తననీ చెయ్యాలని ఎప్పుడో చెప్పిపెట్టింది. ఏటి అవతలి తాకేటా నుంచి మా మేనత్తలు వచ్చారు. మాది పాత మేడ, మెట్లు ఇరుకు, పాడె తిరగదు. నాన్న, నేను మామ్మని దుప్పటిలో ఎత్తి గుమ్మం దాటామో లేదో, ఎదురింటి తమిళాయన చేతులు చాచాడు. కింద అంతస్తులో తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. బర్మా వాళ్ళు, ఒడియా వాళ్ళు, టోపీ పెట్టుకున్న సాయిబు గారు, లుంగీ ఎగ్గట్టిన రేవు కూలీలు, మెట్టుకి ఇద్దరేసి నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవలేదు. ఆ చేతుల్లోంచి ఈ చేతుల్లోకి, నిద్రపోతున్న పసిపిల్లని అందుకున్నట్టు అందుకుంటూ, మా మామ్మని మెల్లగా కిందికి, ఎండలోకి దించారు.