ఛార్జ్ ఇచ్చి అమ్మిన కారు

ఇది ఒక రాజరథం కథ. ఇందులో ఒక సంస్థానం ఉంది, ఒక సింహాసనం ఉంది, ఒక అగ్నిపరీక్ష ఉంది. చదివేవాళ్ళు ఒక తువ్వాలు దగ్గర పెట్టుకోవడం మంచిది.

అంత లేదు లెండి. ఇది మా నాన్న తన పాత కారును అమ్మిన కథ. సంస్థానం అంటే ఒడిశా వైపు ఎవరో చిన్న జమీందారు. ఆ కారును మొదట కొన్నది ఆయనేనని చెప్పుకునేవాళ్ళు. సింహాసనం అంటే వెనక సీటు. అందులో ఒక స్ప్రింగు బయటికొచ్చింది. అగ్నిపరీక్ష అంటే రేడియేటరు. తువ్వాలు దాని మూత తిప్పడానికి.

మా నాన్న టాటానగర్‌లో రైలింజను డ్రైవరు. రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఆ కారు జమీందారు దగ్గర పెరిగి, ఒక గనుల కాంట్రాక్టరు దగ్గర ముసలిదై, నేను ఎలిమెంటరీ స్కూల్లో ఉండగా మా రైల్వే క్వార్టరు పెరట్లోకి వచ్చింది. ఏ దేశపు కారో, ఏ కంపెనీదో చెప్పను. వాళ్ళు దీన్ని మంచి ఉద్దేశంతోనే తయారు చేసి ఉంటారు. లోపల చెక్కపని, తోలు సీట్లు, కిటికీలకు చిన్న పట్టు తెరలు, వెనక కూర్చున్నవాళ్ళు గ్లాసులు పెట్టుకోవడానికి ఒక బుల్లి అలమర. ఆ అలమరలో మా అమ్మ చింతపండు దాచేది. ఎండాకాలం బానెట్ మీద వడియాలు పెట్టేది. అది నడిచినన్నాళ్ళూ మాకు విలాసం, నడవనన్నాళ్ళూ డాబా.

రోజూ ఇంజన్లు నడిపేవాడికి ఇంకా కారెందుకని అందరూ అడిగారట.

"పట్టాలు లేకుండా నడిపితే ఎలాగుంటాదో సూద్దారని," అన్నాడట నాన్న.

ఎలా ఉంటుందో పదిహేనేళ్ళు చూశాడు. తర్వాత రిటైర్మెంట్ వచ్చింది. క్వార్టర్ ఖాళీ చెయ్యడానికి గడువిచ్చారు. ఊరి చివర గోవింద్‌పూర్‌లో మేము చూసుకున్న ఇంటి సందు ఎంత వెడల్పంటే, అందులోకి సైకిల్ రిక్షా వస్తే ఎదురొచ్చే మనిషి ఎవరింట్లోకో వెళ్ళి నిలబడాలి. కారు అక్కడికి రాదు. అమ్మాల్సిందే. గడువులోపల కొనేవాడు దొరక్కపోతే సాక్చి బజారు నుంచి పాతసామాన్ల వ్యాపారి వచ్చి ముక్కలుగా కోయించి పట్టుకుపోతాడు. ఆయన ముందే ఒకసారి వచ్చి, చక్రాన్ని కాలితో తన్ని, బానెట్ మీద వేలితో కొట్టి చూశాడు.

"మాల్ అచ్ఛా హై, బాబూజీ. అబ్ ఐసా లోహా కహాఁ మిల్తా హై," అన్నాడు.

ఇలాంటి ఇనుము ఈ రోజుల్లో దొరకదని ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. నాన్న మొహం మాత్రం పాలిపోయింది. చాలా ఏళ్ళ కిందట, తను నడిపిన ఆవిరి ఇంజన్లలో ఒకదాన్ని యార్డులో గ్యాసు మంటతో కోస్తుంటే ఆయన చూశాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ రోజు కాకరకాయ కూర అని కూడా చెబుతుంది. కాబట్టి అసలు కారణం మనకు కచ్చితంగా తెలియదు.

కొనేవాళ్ళు లేకపోలేదు. వచ్చారు. చిక్కంతా మా నాన్నతోనే.

రైల్వేలో డ్యూటీ దిగే డ్రైవరు తన ఇంజనుకున్న ప్రతి జబ్బునూ షెడ్డులో రిపేరు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. తర్వాత ఎక్కేవాడు ఎదురుగా ఉంటే నోటితో కూడా చెప్పాలి. దాన్ని ఛార్జ్ ఇవ్వడం అంటారు. మా నాన్న కారుకు కూడా అలాంటి పుస్తకం పెట్టాడు. నా పాత లెక్కల నోటుబుక్కు. అందులో ముప్ఫయ్యొక్క లోపాలు, తారీఖులతో సహా ఉన్నాయి.

మొదట వచ్చింది సాక్చిలో మిఠాయి దుకాణం పెట్టుకున్న పెద్దమనిషి. వెనక సీట్లో స్ప్రింగు లేని వైపు కూర్చున్నాడు. పట్టు తెర జరిపి బయటికి చూశాడు. అమ్మ టీ ఇచ్చింది. ఆయన మొహంలో అప్పుడే ఒక జమీందారు పుడుతున్నాడు. సరిగ్గా అప్పుడు నాన్న కళ్ళజోడు పెట్టుకుని నోటుబుక్కు తెరిచాడు.

"నంబర్ ఏక్. బ్రేకు మూడుసార్లు తొక్కాలి. మూడోసారికి పడతాది. నంబర్ దో..."

నాన్న హిందీలో మొదలెట్టి తెలుగులోకి దిగిపోతాడు. భాష అర్థం కాకపోయినా పెద్దమనిషికి భావం అర్థమైంది. తొమ్మిదో నంబరుకు టీ పూర్తయింది. పదకొండుకు ఆయనకు దుకాణంలో పాలు పొంగుతున్న సంగతి గుర్తొచ్చింది. ఇంకా ఇరవై మిగిలే ఉన్నాయి.

ఆయన వెళ్ళాక అమ్మ అందుకుంది.

"సంబందం సూడ్డానికొచ్చినోళ్ళకి పిల్లకి పిప్పిపన్నుందని మనవే సెప్తావేటి?"

"పిప్పిపన్నుతో ఎవుడూ సావడే. బ్రేకుతో సత్తాడు. సెప్పకుండా ఇంజను అప్పగించినోడు డ్రైవరేటి?"

"అది ఇంజనేటి? మీరిప్పుడు డ్రైవరేటి?"

ఈ రెండో ప్రశ్న నాన్నకు తగిలింది. ఆయన పుస్తకం తీసి, ఆ ఉదయం కొత్తగా కనిపెట్టిన ముప్ఫై రెండో లోపం రాసుకున్నాడు.

తర్వాత గోవింద్‌పూర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. ఈసారి నేను తెలివిగా నోటుబుక్కును బియ్యం డబ్బాలో దాచాను. నాన్న ఐదు నిమిషాలు వెతికాడు. తర్వాత గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని, ముప్ఫై రెండూ వరసగా అప్పజెప్పాడు, తారీఖులతో సహా. నా పుట్టినరోజు ఆయనకు ఏనాడూ గుర్తుండదు. ఇంజనీరు మంచివాడు, భయపడలేదు. ఒకసారి నడిపి చూద్దామన్నాడు. ఒకటో నంబరు లోపాన్ని నాన్న వాలు రోడ్డు మీద చూపించాడు. ఇంజనీరు తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వచ్చాడు. తన సైకిలు మా ఇంటి దగ్గరే ఉంది మరి.

"చెప్పకపోతే కొనేవాడు కదా," అన్నాను.

"కొని?" అన్నాడు నాన్న.

"కుఛ్ నహీఁ," ఏం లేదని లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాలోంచి నోటుబుక్కు తెచ్చి ఇచ్చాను.

గడువు దగ్గరపడింది. ఆదివారం పొద్దున్న కూలీలతో, గ్యాసు బండతో వస్తానని పాతసామాన్లాయన కబురు పెట్టాడు. ఆ వారమంతా నాన్న రోజూ కారు తుడిచాడు. కోసే వస్తువుకు తుడవడమెందుకని అమ్మ అడగలేదు. తనే బక్కెట్లో నీళ్ళు తెచ్చి పెట్టింది. చింతపండు మాత్రం తీసేసుకుంది.

శనివారం మధ్యాహ్నం ఒకాయన సైకిలు మీద వచ్చాడు. మా ఊళ్ళోనే భాలుబాసాలో బ్యాండు మేళం నడుపుతాడు. వాళ్ళ పెద్దలూ మావాళ్ళలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. సన్నగా, పొడుగ్గా, ఊదీ ఊదీ బుగ్గలు మాత్రం మిగిలినట్టు ఉన్నాడు.

"డ్రైవరు బావూ, ఎవులో తన కారుని తానే తిట్టుకుంతన్నాడని సాక్చి మిటాయి కొట్టుకాడ అంతన్నారు. మీరేనేటి?"

"తిట్టడం కాదు, ఛార్జ్ ఇవ్వడం," అన్నాడు నాన్న గంభీరంగా. "ఇనే ఓపికుందేటి?"

"పెళ్ళిలో బోజనాలయ్యేదాకా ఊదుకుంటా కూకుంటాం బావూ. ఓపికకేటి లోటు? సెప్పండి."

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. బ్యాండాయన కారు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. నేను గడియారం చూసుకున్నాను. తొమ్మిదో నంబరుకు లేస్తాడని నా అంచనా.

"బ్రేకు మూడుసార్లు తొక్కాలి."

"తొక్కుతాను. మరి?"

"స్పీడు పదిహేను మైళ్ళు దాటితే వణుకుతాది."

"బావూ, నాకిది పెళ్ళికొడుకుని కూకోబెట్టడానికి. ముందర బ్యాండు నడుస్తాది. బ్యాండుకన్నా జోరుగా ఎల్లే కారు నాకెందుకు?"

నాన్న కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూశాడు.

"మెల్లిగెల్తే రేడియేటరు కాగిపోతాది."

"నాలుగడుగులకోపాలి ఆగి కుర్రోళ్ళు డాన్సులేత్తారు. సల్లారతాది."

"కుడిపక్కకి తిప్పితే హారన్ దానంతటదే మోగుతాది."

"మా క్లారినెట్టోడూ అంతే. ఎవులూ అడక్కుండానే ఊదెత్తాడు. ఆడినేటి తీసెయ్యలేదు గదా."

"ఎనక సీట్లో స్ప్రింగు."

"ఆ రోజు పెళ్ళికొడుకు ఎలాగూ కుదురుగా కూకోడు బావూ."

"స్టార్ట్ కాకపోతే తొయ్యాలి. నలుగురు కావాలి."

"పన్నెండు మందివి ఉన్నాం."

ఇలా ఇరవై నంబర్లు గడిచాయి. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మాత్రం నవ్వలేదు. అంత శ్రద్ధగా ఛార్జ్ తీసుకునేవాడు ఆయనకు చాలా కాలం తర్వాత దొరికాడు. బ్యాండాయన కొన్నిచోట్ల ఆపి అడిగాడు కూడా. కాగితే మూత ఎంతసేపటికి తియ్యాలి? రివర్స్ గేరు పడకపోతే ఏం చెయ్యాలి? ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళలో ఒక్కడైనా ఇది అడగలేదు. నాన్న లేచి, ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఆయన చేతి మీద తన చెయ్యేసి గేరు వేసి చూపించాడు. లోపల ఏదో పెద్దగా మూలిగింది.

"అది మామూలే. బయపడకు," అన్నాడు నాన్న.

"నాకెందుకు బయం? సాక్సఫోను ఇంతకన్నా మూలుగుతాది."

ముప్ఫై రెండు పూర్తయ్యాయి.

"అంతేనా బావూ?"

నాన్న నోటుబుక్కు మూసి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఏదో అంటాడని మేమంతా ఎదురుచూశాం. అమ్మ కొంగు నోటి దగ్గర్నుంచి కళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"ఎనక ఎడం టైరులో గాలి తక్కువుంది," అన్నాడు.

ధర మాట్లాడుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఛార్జ్ ఇవ్వడానికి గంటన్నర పట్టింది.

ఆదివారం పొద్దున్న బ్యాండాయన తన పన్నెండు మందితో వచ్చాడు. ఏదో పెళ్ళి నుంచి నేరుగా వచ్చారేమో, అందరూ ఎర్రకోట్లలోనే ఉన్నారు. అదే సమయానికి పాతసామాన్లాయన కూలీలతో, గ్యాసు బండతో దిగాడు. పెరట్లో ఒక వైపు డోళ్ళు, ఒక వైపు సుత్తులు. ఇక్కడ యుద్ధం జరగాలి. జరగలేదు. సంగతి విని పాతసామాన్లాయన తలూపి, "చలో, ధక్కా తో లగా దేఁ," అని తోయడానికి ముందుకొచ్చాడు. వచ్చినందుకు ఏదో ఒక పని చెయ్యాలి కదా.

నాన్న మాత్రం ముందు నోటుబుక్కులో సంతకం పెట్టమన్నాడు. బ్యాండాయన పెట్టాడు. నాన్న కింద తన సంతకం పెట్టి, పుస్తకాన్ని తాళం చెవితో కలిపి ఆయన చేతికిచ్చాడు. నా ఏడో తరగతి లెక్కలు కూడా దాంతోపాటే పోయాయి. వాటికి ఎవరూ బాధపడలేదు.

ఇరవై మంది కారు వెనక చేతులు ఆనించి నిలబడ్డారు. బ్యాండాయన తాళం తిప్పాడు. అది వెంటనే స్టార్టయింది. పదిహేనేళ్ళలో అది ఎప్పుడూ అలా స్టార్టవడం నేను చూడలేదు. డోలు కుర్రాడి కోటు మీద నల్లటి పొగ ఒక మేఘంలా పడింది. కారు గేటు దాటి కుడిపక్కకి తిరిగింది, హారన్ మోగింది. క్లారినెట్టు కుర్రాడు అడక్కుండానే అందుకున్నాడు. మిగతావాళ్ళు నడుస్తూనే వాయించడం మొదలుపెట్టారు. మా లైన్లోని క్వార్టర్లన్నిటి నుంచీ జనం బయటికొచ్చారు. పెళ్ళికొడుకు ఎక్కడని ఒక ముసలామె అడిగింది.

నాన్న గేటు దగ్గర నిలబడి, చెయ్యి బాగా పైకెత్తి, కారు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాడు. పచ్చజెండా ఊపడం గార్డు పని, డ్రైవరుది కాదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అమ్మ నా వైపు చూసింది. నేనూ చెయ్యెత్తి ఊపాను.

సోమవారం పేరు మార్పించడానికి నాన్నా, బ్యాండాయనా, నేనూ రవాణా ఆఫీసుకు వెళ్ళాం. దరఖాస్తు మూడు ప్రతులు కావాలట. మేము రెండే తీసుకెళ్ళాం, మర్నాడు రమ్మన్నారు.